అమ్మబోయే ఇంటిని మనమే సిద్ధం చేసుకోవడం



ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు అమ్మి చూడు అని ఎవరూ అనలేదు. అయినా అదీ తక్కువ పని కాదని అనుభవం మీద తెలుసుకున్నవాణ్ణి నేను. మూడేళ్ల కిందట బళ్లారిలో మా నాయన కట్టించిన ఇంటిని అమ్మవలసి వచ్చింది. నాయన పోయారు. అమ్మ ఒక్కతే ఆ ఇంట్లో ఉండలేని వయసుకు వచ్చింది. పిల్లలం తలా ఒక ఊరిలో ఉన్నాం. ఆ ఇంటిని నాలుగు వారాలపాటు మా చేతులతో మేమే సిద్ధం చేసుకున్నాం. అందులో తెలిసిన సంగతులు, చేసిన పొరపాట్లు ఈ రోజు మీతో పంచుకుంటాను.

అమ్మకానికి పెట్టిన ఇంటిని కొనేవారి కంటికి నచ్చేలా సర్ది చూపించడాన్ని ఇంగ్లీషువారు స్టేజింగ్ అంటారు. అంటే రంగస్థలాన్ని సిద్ధం చేయడం అన్నమాట. పెద్ద నగరాల్లో ఈ పనికి డబ్బు తీసుకుని చేసిపెట్టేవాళ్లు కూడా ఉన్నారు. మా బళ్లారి నాటకాల ఊరు. ధర్మవరం కృష్ణమాచార్యులవారు సరస వినోదినీ సభ పెట్టిన ఊరు, బళ్లారి రాఘవగారి ఊరు. అందుచేత రంగస్థలం అనే మాట మాకు వేరే విధంగా వినిపిస్తుంది. రాఘవగారు నటన సహజంగా ఉండాలని పట్టుబట్టిన మనిషి. ఇంటి విషయంలోనూ ఆ పద్ధతే మంచిది. ఉన్న ఇంటిని ఉన్నంతలో శుభ్రంగా, వెలుతురుగా చూపించాలి. లేనిది ఉన్నట్టు, ఉన్నది లేనట్టు చూపించబోతే ఎక్కడో ఒకచోట రంగు వెలిసిపోతుంది.

మొట్టమొదట చేయవలసిన పని ఏమిటంటే, మన ఇంటిని కొత్తవాళ్ల కళ్లతో చూడడం. ఇది వినడానికి సులభంగా ఉంటుంది కానీ చేయడం కష్టం. ముప్పై నలభై ఏళ్లు తిరిగిన ఇంట్లో పెచ్చు ఊడిన గోడ, కిర్రుమనే తలుపు, నూనె మరక పట్టిన స్విచ్చి మన కంటికి ఆనవు. అందుకని ఒక పుస్తకం, పెన్సిలు పట్టుకుని వీధిలోకి వెళ్లండి. గేటు దగ్గర నిలబడి, ఇల్లు కొనడానికి వచ్చినవాళ్లలాగా లోపలికి నడవండి. కనిపించిన లోపమల్లా రాసుకోండి. వీలైతే ఆ ఇంటికి ఎప్పుడూ రాని స్నేహితుణ్ణి ఒకరిని కూడా నడిపించండి. మా పుస్తకంలో అరవై మూడు లోపాలు తేలాయి. అందులో నలభైకి పైగా చీపురు, సబ్బు, స్క్రూడ్రైవరుతో పోయేవే.

రెండవ పని, సామాను తగ్గించడం. మన ఇళ్లలో ఏ వస్తువూ పారేయం. విరిగిన కుర్చీ, పాత ట్రంకుపెట్టె, అటక నిండా ఖాళీ డబ్బాలు, పిల్లల పాఠ్యపుస్తకాలు, అన్నీ ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తాయని దాస్తాం. కొనేవారికి అవి వస్తువులుగా కనిపించవు, ఇరుకుగా కనిపిస్తాయి. అటకలు, అల్మారాలు తెరిచి చూసేవారు చాలామంది. నిండిపోయిన అల్మారా చూస్తే ఈ ఇంట్లో చోటు చాలదనే అనుకుంటారు. ఎలాగూ ఇల్లు మారబోతున్నాం కనుక ఆ సర్దుడేదో ముందే సర్దుకుంటే రెండు పనులూ ఒకేసారి తీరిపోతాయి.

అలాగని ఇల్లంతా ఖాళీ చేయవద్దు. ఖాళీ గదిలో మంచం పడుతుందా, బీరువా పడుతుందా అన్నది చాలామంది అంచనా కట్టలేరు. పడకగదిలో ఒక మంచం, హాలులో నాలుగు కుర్చీలు, వంటింట్లో పొయ్యి ఉంటే ఆ గది దేనికో, ఎంతో తెలుస్తుంది. గదుల కొలతలు టేపుతో కొలిచి, ఒక కాగితం మీద ఇంటి నక్షాలాగా గీసి పెట్టుకోండి. వచ్చినవారికి ఒక నకలు ఇవ్వండి. ఇంటికి వెళ్లిన తరువాత భార్యాభర్తలు కూర్చుని మాట్లాడుకునేటప్పుడు ఆ కాగితమే మీ తరఫున మాట్లాడుతుంది.

గోడల మీద ఫొటోల మాట కూడా చెప్పాలి. మా ఇంటి హాలులో తాతల కాలం నుంచి పద్నాలుగు ఫొటోలు ఉండేవి. వచ్చినవాళ్లు వాటిని చూస్తూ, ఈ ఇల్లు ఇంకొకరిది అనుకుంటారే తప్ప, ఇక్కడ మనం ఉండవచ్చు అనుకోరు. వాటిని తీయాలని మేం అనుకున్నప్పుడు అమ్మ ఏమీ అనలేదు. మరునాడు పొద్దున చూస్తే తనే ఒక్కొక్కటి దించి, తుడిచి, పాత చీరలో చుట్టి పెట్టెలో పెడుతున్నది. నాయన ఫొటో ఒక్కటి మాత్రం దేవుడి గదిలో ఉంచింది. దాన్ని మేం ముట్టుకోలేదు. ఆ ఇంట్లో ఇంకా మనిషి ఉంటున్నప్పుడు ఆ మనిషికి తన ఇంట్లో తనే చుట్టంగా ఉన్నట్టు అనిపించకూడదు. పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో ఏది తీయాలి, ఏది ఉంచాలి అన్నది వాళ్లనే అడగండి. పని రెండు రోజులు ఆలస్యమైతే కానివ్వండి.

ఇప్పుడు మరమ్మతుల సంగతి. పని ఎప్పుడూ పైనుంచి కిందికి రావాలి. ముందు మిద్దె, తరువాత గోడలు, తరువాత తలుపులు కిటికీలు, చివరికి నేల. ఇది తలకిందులైతే చేసిన పనే మళ్లీ చేయాలి. మేం మొదట నేల కడిగించి, ఆ తరువాత గోడలు గీకించాం. ఒక రోజు కూలి దండుగ అయింది.

మిద్దె మీద చెత్త, ఎండుటాకులు తీసి, నీళ్లు పోయే తూములు తెరిచి చూడండి. నాలుగు బకెట్ల నీళ్లు పోసి, ఎక్కడ నిలుస్తున్నాయో గమనించండి. మిద్దె నేలా, పిట్టగోడా కలిసే మూలల్లో పగుళ్లు ఎక్కువగా వస్తాయి. లోపల పైకప్పు మూలన కనిపించే చెమ్మకు చాలాసార్లు కారణం అక్కడే ఉంటుంది.

గోడ మీద చెమ్మ మరక ఉంటే వెంటనే రంగు కొట్టించకండి. నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో తెలుసుకోనిదే వేసిన రంగు, పట్టీ ఒక్క వానాకాలం కూడా నిలవవు. దీనికి ఒక చిన్న పరీక్ష ఉంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న పాలిథీన్ కాగితాన్ని ఆ మరక మీద పెట్టి నాలుగు వైపులా టేపు అంటించండి. ఒకటి రెండు రోజుల తరువాత చూడండి. కాగితం లోపలి వైపు, అంటే గోడ వైపు నీటి బొట్లు పడితే చెమ్మ గోడలోనుంచి వస్తున్నది. బయటి వైపు పడితే గదిలోని గాలిలో తేమ ఎక్కువగా ఉన్నదన్నమాట. అలాంటప్పుడు కిటికీలు తెరిచి ఉంచితే చాలావరకు తగ్గుతుంది.

పగుళ్లకూ ఇలాంటి ఉపాయమే ఉంది. పగులు రెండు కొనల దగ్గరా పెన్సిలుతో గీత గీసి, తేదీ వేయండి. నెల తరువాత గీత దాటితే పగులు పెరుగుతున్నట్టు లెక్క. వెంట్రుక మందంలో ఉన్న పగులు పైపూతదే అయి ఉంటుంది. దానికి పట్టీ చాలు. రూపాయి బిళ్ల అంచు దూరేటంత పగులు, అందులోనూ కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకిన పగులు కనిపిస్తే రంగులవాణ్ణి కాదు, ఇంజనీరును పిలవాలి.

రంగులు ఎప్పుడూ లేత రంగులే మంచివి. మనకు ఇష్టమైన ముదురు నీలం, ముదురు ఆకుపచ్చ గదిని చిన్నదిగా చూపిస్తాయి. కొనేవారికి ఎలాగూ తమ ఇష్టం తమకు ఉంటుంది. లోపలి గోడలన్నిటికీ కలిసొచ్చే లేత గంధపు రంగు ఒక్కటి వేస్తే చాలు. ప్రహరీగోడకు, పెరటి గోడకు సున్నం చాలు. సున్నం ముందురోజే నానబెట్టి, గుడ్డలో వడగట్టి, కొంచెం నీలిమందు కలిపి రెండు మూడు పూతలు పూయాలి. ఇంతకుముందు ఎమల్షన్ రంగు వేసిన గోడ మీద మాత్రం సున్నం నిలవదు, పొరలుగా లేస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

నేల విషయంలో చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది. మన ప్రాంతాల పాత ఇళ్లలో కడప బండలు, శాబాదు బండలు ఎక్కువ. ఇవి సున్నపురాయి జాతివి. మరకలు పోవాలని బాత్రూములు కడిగే ఆసిడ్ వీటి మీద పోస్తే రాయి నురగలు కక్కుతుంది, పైపొర తినిపోయి నునుపు శాశ్వతంగా పోతుంది. చింతపండు, నిమ్మరసం కూడా పులుపే కనుక ఇత్తడి పిడులకు వాడండి గానీ బండలకు వాడవద్దు. బండలకు సబ్బునీళ్లు, గట్టి బ్రష్షు, ఓపిక చాలు. ఎర్ర సిమెంటు గచ్చుకూ ఇదే మాట. సబ్బుతో కడిగి బాగా ఆరిన తరువాత గుడ్డతో కొంచెం కొబ్బరినూనె పట్టించి తుడిస్తే పాత ఎరుపు మళ్లీ కనిపిస్తుంది. నూనె ఎక్కువైతే మాత్రం వచ్చినవాళ్లు జారిపడతారు.

తరువాత వాసన. మూసి ఉంచిన ఇంట్లో అడుగుపెట్టగానే మురుగు వాసన వస్తే, గొట్టాలన్నీ చెడిపోయాయని వచ్చినవాళ్లు భయపడతారు. చాలాసార్లు కారణం చిన్నదే. బాత్రూములో నీళ్లు పోయే జాలీ కింద వంపు తిరిగిన భాగంలో ఎప్పుడూ కొంచెం నీరు నిలిచి ఉంటుంది. ఆ నీరే మురుగు గాలిని పైకి రాకుండా అడ్డుకుంటుంది. ఇల్లు కొన్ని వారాలు తాళం వేసి ఉంటే ఆ నీరు ఇంకిపోతుంది, గాలి పైకి వస్తుంది. ప్రతి జాలీలోనూ ఒక చెంబెడు నీళ్లు పోస్తే వాసన ఆగిపోతుంది. పైన రెండు చుక్కల వంటనూనె వేస్తే నీరు త్వరగా ఆరదు. అగరొత్తులు గుప్పున వెలిగించి వాసన కప్పిపుచ్చాలని చూడకండి. దేన్ని దాస్తున్నారో అనే అనుమానమే వస్తుంది.

వెలుతురు ఖర్చు లేని అలంకారం. కిటికీ అద్దాలు రెండు వైపులా తుడవండి. బరువైన తెరలు తీసేయండి. కిటికీకి అడ్డం వచ్చిన కొమ్మలు కొట్టించండి. వెలగని బల్బులు మార్చండి. ఒకే గదిలో ఒకటి పసుపు వెలుగు, ఒకటి తెల్ల వెలుగు ఉండకుండా చూసుకోండి. నిప్పురవ్వలు చిమ్మే స్విచ్చిలు, అతుకులు వేసిన వైర్లు ఉంటే లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత మార్పించండి. ఇది అలంకారం కోసం కాదు, ప్రాణం కోసం.

ఈ రోజుల్లో కొనేవారు ఇంటికి రావడానికి ముందు ఫోనులో ఫొటోలు చూస్తారు. ఆ ఫొటోలు మనమే తీసుకోవచ్చు. పగటి వెలుతురులో, ఫోను అడ్డంగా పట్టుకుని, గది మూలన నిలబడి, ఛాతీ ఎత్తులో తీయండి. గదిని లేని వెడల్పుతో చూపించే ఫొటోలు వద్దు. అలాంటి ఫొటో చూసి వచ్చినవారు గుమ్మంలోనే నిరాశపడతారు. నిరాశపడిన మనిషి చేత ఇల్లు కొనిపించడం ఎవరి తరమూ కాదు. ఫొటోల్లో నగలు, కాగితాలు, తాళాలు కనిపించకుండా చూసుకోవడం మన క్షేమానికి మంచిది.

చూడడానికి వచ్చే రోజున పొద్దున్నే తలుపులు తెరిచి గాలి ఆడనివ్వండి. వచ్చినవారి వెంట ప్రతి గదిలోకీ వెళ్లి మన కథలు చెప్పకండి. తలుపులు తీసి, కొళాయిలు తిప్పి చూసుకోమని చెప్పి కొంచెం దూరంగా ఉండండి. బళ్లారివంటి ఎండ ఊళ్లలో మొదటి ప్రశ్న నీళ్ల గురించే. నీళ్లు ఎన్ని రోజులకు ఒకసారి వస్తాయి, సంపు ఎన్ని లీటర్లది, బోరు ఎండాకాలంలో ఎలా ఉంటుంది, ఇవి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పక్కింటివాళ్లను అడిగితే ఎలాగూ తెలుస్తుంది.

ఇంతవరకు చెప్పినవన్నీ చేతిపనులు. అసలు పరీక్ష మాకు ఆ తరువాత వచ్చింది. వెనక పడకగది గోడకు చెమ్మ ఉండేది. పాలిథీన్ కాగితం పెట్టి చూస్తే లోపలి వైపు నీళ్లు పట్టాయి. మేస్త్రీని పిలిపించి చూపిస్తే, పక్క బాత్రూము గోడలో పూడ్చిన పాత ఇనుప గొట్టం తుప్పు పట్టిందని తేల్చాడు. టైల్స్ పగలగొట్టి గొట్టం మొత్తం మార్చాలి. అప్పటికే చేతిలో డబ్బు అయిపోయింది. మా బావ మంచివాడే, మా కష్టం చూసి చెప్పాడు. "పట్టీ పెట్టి రంగు వేయించి, ఆ గోడకు బీరువా జరిపేస్తే సరిపోతుంది. వానాకాలం వచ్చేలోపల అమ్మేస్తాం కదా. అందరూ చేసేదే ఇది" అన్నాడు.

నిజం చెప్పాలంటే నాకూ ఆ మాట నచ్చింది. అమ్మ అల్లుడికి ఎదురు చెప్పే మనిషి కాదు. నా వైపు తిరిగి అంది. "నాయనా, నలభై ఏండ్లు ఈ వీధిలో ఉంటిమి. రేపు పెండ్లికో పేరంటానికో ఈ వీధిలోకి నేను రావద్దా? ఈ ఇంట్లో ఉండే ఆమె నాకు ఎదురుపడితే ఆ గోడ సంగతి నేనేం చెప్పాల?"

ఆ రాత్రి ఒక న్యాయవాది మిత్రుణ్ణి అడిగాను. ఆయన చెప్పిన సంగతి చాలామందికి తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. మన దేశంలో 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ఒకటి ఉంది. దాని 55వ సెక్షను ప్రకారం, ఆస్తిలో గానీ హక్కులో గానీ ముఖ్యమైన లోపం అమ్మేవారికి తెలిసి ఉండి, కొనేవారికి తెలియకుండా, మామూలు జాగ్రత్తతో చూసినా బయటపడనిదై ఉంటే, దాన్ని అమ్మేవారు చెప్పి తీరాలి. చెప్పకపోవడాన్ని ఆ సెక్షను మోసంగానే పరిగణిస్తుంది. గోడకు బీరువా అడ్డం పెట్టడం అలంకారం కిందికి రాదన్నమాట.

మేం బీరువా జరపలేదు. ఆ గోడను అలాగే ఉంచి, మేస్త్రీ చేత మరమ్మతు అంచనా కాగితం మీద రాయించి, ఇంటి నక్షాతో పాటు పెట్టాం. మొదట వచ్చినవారు ఆ గోడ చూసి మళ్లీ రాలేదు. రెండవవారు దాన్ని సాకుగా పెట్టుకుని ధర బాగా తగ్గించి అడిగారు, మేం ఒప్పుకోలేదు. మూడవవారు తమ మేస్త్రీని తెచ్చుకుని చూసుకున్నారు. అంచనాలో రాసిన మొత్తం, దాని మీద ఇంకొంచెం తగ్గించమన్నారు. ఇచ్చాం. అన్నీ కలిపి నాలుగు నెలలు పట్టింది. దాచిపెట్టి ఉంటే రెండు నెలలు ముందే, నాలుగు డబ్బులు ఎక్కువకే అమ్ముడుపోయేదేమో. కాదని నేను అనను.

ఇంటిని సిద్ధం చేయడంలో కాగితాలను సిద్ధం చేయడం కూడా ఒక భాగమే. కొనుగోలు పత్రం, ఋణభార ధ్రువపత్రం, ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లు ఒక ఫైలులో పెట్టుకోండి. కర్ణాటకలో ఖాతా, తమిళనాడులో పట్టా మన పేరు మీద ఉన్నదో లేదో ముందే చూసుకోండి. తండ్రి వీలునామా రాయకుండా పోయి ఉంటే తల్లికీ, కొడుకులకూ, కూతుళ్లకూ అందరికీ హక్కు ఉంటుంది కనుక అందరూ సంతకం చేయాలి. అసలు పత్రాలు ఎవరి చేతికీ ఇవ్వవద్దు, నకళ్లు కూడా నిజంగా కొనేవారికే ఇవ్వండి. బయానా సొమ్ము బ్యాంకు ద్వారానే తీసుకోండి. స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు గానీ అంతకు మించి గానీ నగదుగా తీసుకోకూడదని 2015 నుంచి ఆదాయపు పన్ను చట్టంలో నిషేధం ఉంది.

రాష్ట్రం బయట ఉన్న తెలుగువాళ్లం మరొక జాగ్రత్త తీసుకోవాలి. మన పత్రాలు కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో ఉంటాయి. తెలుగు మాత్రమే చదవగలిగిన పెద్దవాళ్ల చేత సంతకం పెట్టించే ముందు, ప్రతి పేజీ తెలుగులో చదివి వినిపించండి. మా అమ్మ మొత్తం విని, వెనక పెరట్లో ఉన్న రుబ్బురోలు ఇంటితో పాటు పోతుందా అని అడిగింది. పాతిన రోలు కనుక పోతుందన్నారు. "పోనీలే, వాళ్లూ రుబ్బుకుంటారు" అని సంతకం పెట్టింది.

ఆ తరువాత రెండు వానాకాలాలు గడిచాయి. కిందటేడు అదే వీధిలో ఒక పెళ్లికి అమ్మను తీసుకుని వెళ్లాను. ఆ ఇంటావిడ గేటు దగ్గర నిలబడి, "లోపలికి రండి పెద్దమ్మా, కొత్త గొట్టం వేయించినాం, గోడ చూద్దురుగానీ" అని పిలిచింది. అమ్మ వెళ్లి చూసి, మజ్జిగ తాగి వచ్చింది.

ఇల్లు అమ్మదలచిన శ్రోతలు చీపురుతో మొదలుపెట్టండి. రంగు కంటే ముందు మిద్దె చూసుకోండి. బాగుచేయగలిగినది బాగుచేయండి, చేయలేనిది కాగితం మీద రాసి చూపించండి.